నోటిలోని మచ్చ, కాగితముమీది అంకె

నెల్లూరు జిల్లా పడమటి మెట్టప్రాంతమున వింజమూరు చుట్టుపట్ల ఏ పల్లెలోనైనను, ఆశా కార్యకర్త ఒక కాగితము చేతబట్టుకొని ఇంటింటికి తిరుగుట నేడు వింత కాదు. 30 సంవత్సరములు నిండిన ప్రతివారిని ఆమె కొన్ని ప్రశ్నలు అడుగును. వయస్సెంత? పొగాకు అలవాటున్నదా? మద్యము త్రాగుదురా? నడుము కొలత ఎంత? వారమునకు ఎంతసేపు ఒళ్ళు వంచి పనిచేయుదురు? తల్లిదండ్రులకుగాని తోబుట్టువులకుగాని రక్తపుపోటు, మధుమేహము, గుండెజబ్బు కలవా? ఒక్కొక్క జవాబునకు ఇన్ని మార్కులని వేసి, చివరకు అన్నిటిని కూడును. మొత్తము 4 దాటినచో ఆ మనిషి పరీక్షకు ముందుగా రావలసినవారి పట్టికలో చేరును.

ఒక ఇంటిలో ఏమి జరుగగలదో ఊహింతము. అక్కడ 45 ఏండ్ల స్త్రీ ఒకామె కలదు. దినమంతయు పొలముపని చేయును. సన్నని మనిషి. ఇంటిలో ఎవరికిని రక్తపుపోటు మొదలైనవి లేవు. అయితే వక్కతో కలిపి పొగాకు నమలుట ఆమెకు ప్రతిదినము ఉన్న అలవాటు. వయస్సునకు 2 మార్కులు, పొగాకునకు 2 మార్కులు, తక్కినవన్నియు సున్నలు. మొత్తము 4.

"అక్కా, నీకు నాలుగొచ్చింది."

"నాలుగంటే మంచిదేనా అమ్మా?"

ఈ చిన్న ప్రశ్నలో ఒక పెద్ద శాస్త్రవిషయము ఇమిడియున్నది. క్యాన్సరు ఎవరికి ఎంతవరకు రాగలదో వారివారికి విడివిడిగా చెప్పినచో వారి నడవడి మారునా? పరీక్షకు పోవుదురా? అలవాటు మానుదురా? లేక అంకె విని ఊరకుందురా? ప్రపంచమున అనేక దేశముల శాస్త్రజ్ఞులు ఈ విషయమును పరిశోధించుచున్నారు. తెలుగు పల్లెలలో ఇందుకు సంబంధించిన పరిశోధన యాభై ఏండ్లకు పూర్వమే ఆరంభమైనది.

అంకె చెప్పునది, చెప్పనిది

మొదట ఆ స్త్రీ ప్రశ్నకే సమాధానము చూతము. 4 మంచిదా? ఆ కాగితములోని మార్కులు ఒక్క క్యాన్సరును ఉద్దేశించి ఏర్పరచినవి కావు. గుండెజబ్బు, రక్తపుపోటు, మధుమేహము, క్యాన్సరు మొదలగు అంటువ్యాధులు కాని జబ్బులన్నిటికిని కలిపి వేసిన అంచనా అది. నడుము లావునకును, శరీరశ్రమ లేమికిని, పైన చెప్పిన కుటుంబచరిత్రకును అందు స్థానము కలదు. కావున సన్నగా ఉండి కష్టపడి పనిచేయు మనిషికి మొత్తము తక్కువగా వచ్చును. కాని నోటిలోని పొరకు నడుము కొలతతో పనిలేదు. దానికి తగులుచున్నది పొగాకు రసము. 4 దాటలేదు గనుక ఆమె నోటికి భయము లేదనుకొనుట పొరపాటు.

ఈ పొరపాటు జరుగకుండుటకే కార్యక్రమములో మరి రెండు ఏర్పాట్లు చేసినారు. ఒకటి: మార్కులు ఎన్ని వచ్చినను 30 దాటిన ప్రతివారికి పరీక్ష జరుగవలెను. మార్కులు ఎవరు ముందు, ఎవరు వెనుక అని నిర్ణయించుటకు మాత్రమే. రెండు: అదే కాగితములో లక్షణములను గూర్చిన ప్రశ్నలు వేరుగా కలవు. నోటిలో రెండు వారములకు మానని పుండు ఉన్నదా? గొంతు మారినదా? రొమ్ములో గడ్డ ఉన్నదా? వీటిలో ఏ ఒక్కదానికి "ఉన్న"దని జవాబు వచ్చినను మార్కులతో నిమిత్తము లేకుండ వైద్యుని చూడవలెను.

జబ్బు లక్షణములు ఏమియు తెలియకముందే, ఆరోగ్యముగా కనిపించువారిని పరీక్షించి జబ్బును తొలిదశలో పట్టుకొనుటను స్క్రీనింగు అందురు. మన దేశములో 2016లో రూపొందిన విధానము ప్రకారము 30 నుండి 65 సంవత్సరముల వారికి నోటిపరీక్ష, స్త్రీలకు అదనముగా రొమ్ముపరీక్ష, గర్భాశయ ముఖద్వారపు పరీక్ష జరుగవలెను. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఇంటింటి క్యాన్సరు పరీక్షల కార్యక్రమమును ఆరంభించినది. పరీక్ష గడపకు వచ్చినది. దానిని మనిషి లోపలికి రానిచ్చునా అనునదే మిగిలిన ప్రశ్న.

ముప్పును లెక్కించుట

శరీరములోని కణములు ఒక క్రమమునకు లోబడి విభజన చెందును. ఆ క్రమమును నడుపు సూచనలు కణములోని డి.ఎన్.ఏ.లో ఉండును. పొగాకులోని కొన్ని రసాయనములు డి.ఎన్.ఏ.ను దెబ్బతీయును. చాలవరకు కణమే ఆ దెబ్బను బాగుచేసికొనును. ఏండ్ల తరబడి దెబ్బమీద దెబ్బ తగిలినప్పుడు కొన్ని మిగిలిపోవును. అట్టివి ఒక కణములో పలుచోట్ల కూడినప్పుడు అది అదుపు తప్పి పెరుగును. మన పెద్దలు రాచపుండు అని పిలిచినది దీనినే. ఏ దెబ్బ ఎచ్చట మిగులునో ముందుగా చెప్పలేము. అందుచేత పొగాకు నమలిన ప్రతివారికి క్యాన్సరు రాదు. నమలనివారికి ఎన్నడును రాదనియు కాదు. చెప్పగలిగినది సంభావ్యత మాత్రమే.

ఈ సంగతి మెట్టరైతునకు తెలియనిది కాదు. ఈశాన్య ఋతుపవనము బలహీనముగా ఉండునని విన్నప్పుడు, తన చేనిపై చినుకే పడదని అతడు అనుకొనడు, జాగ్రత్తపడును. ముప్పు గూర్చిన అంకెను కూడ ఆ విధముగనే గ్రహింపవలెను.

అయితే అంకె చెప్పు తీరులో ఒక చిక్కు కలదు. లెక్క నేర్చుకొనుటకై కొన్ని సంఖ్యలను ఊహింతము. ఒక జబ్బు 1000 మందిలో ఇద్దరికి వచ్చును. ఒక అలవాటు ఉన్నవారిలో 1000 మందికి నలుగురికి వచ్చును. వేరొక జబ్బు 1000 మందిలో 100 మందికి వచ్చును. అలవాటున్నవారిలో 200 మందికి వచ్చును. రెంటిని గూర్చియు "ముప్పు రెట్టింపగును" అని చెప్పవచ్చును. రెండును నిజమే. కాని మొదటిదానిలో అదనముగా జబ్బుపడువారు 1000కి ఇద్దరు, రెండవదానిలో 100 మంది. "రెట్టింపు" అను మాట ఒక్కటే విన్నవారు ఒకచోట వృథాగా బెదరుదురు. మరియొకచోట బెదరవలసినంత బెదరరు. ఎన్ని రెట్లు అని మాత్రమే కాక, ఎంతమందిలో ఎంతమందికి అని చెప్పినప్పుడే సంఖ్య పూర్తియగును.

పొగాకు పండు నేల

వింజమూరు ప్రాంతములో ఈ విషయమునకు ప్రత్యేకమైన ప్రాముఖ్యము కలదు. పొరుగుననే ఉన్న కలిగిరిలోను, మర్రిపాడు మండలములోని డి.సి. పల్లిలోను పొగాకు బోర్డువారి వేలము కేంద్రములు కలవు. ఈ తేలికనేలలలో పండి, బ్యారన్లలో క్యూరింగు అయిన వర్జీనియా పొగాకు అచ్చటనే అమ్ముడుపోవును. ఆకు రంగును, మెత్తదనమును వ్రేళ్ళతో తడిమి గ్రేడు చెప్పగల నేర్పరులు ఇక్కడి పల్లెలలో ఉన్నారు. పొగాకు వారికి అప్పు తీర్చు పంట. దానిని గూర్చి చెడుగా చెప్పినచో జీవనోపాధికి ముప్పు వచ్చునేమోనని తోచుట సహజము. "పొగాకు క్యాన్సరుకు కారణము" అను వాక్యము సిగరెట్టు పెట్టెలమీద బొమ్మతో సహా అచ్చువేయబడుచున్నది. అందరును చూచినదే. చూచి చూచి కన్ను దానికి అలవాటుపడినది. అది ఎవరికో సంబంధించినదిగా మిగిలిపోవుచున్నది.

అందరికి చెప్పిన మాట ఎవరికిని తగులనప్పుడు, ఒక్కొక్కరికి చెప్పి చూచుటే మార్గము. ఆ ప్రయత్నము జరిగినచోటు తెలుగుదేశపు ఉత్తరపు కొసన ఉన్న శ్రీకాకుళము.

శ్రీకాకుళపు పల్లెలలో

ఉత్తరకోస్తాలో చుట్టను మండు కొనను నోటిలోపల ఉంచుకొని కాల్చు అలవాటు చిరకాలముగా ఉన్నది. దీనిని అడ్డపొగ అందురు. స్త్రీలలో ఈ అలవాటు మరింత హెచ్చు. వేడియు, పొగయు నేరుగా అంగిలికి తగులును. సామాన్యముగా అరుదైన అంగిలి క్యాన్సరు ఈ ప్రాంతమున ఎక్కువగా కనబడుటను వైద్యులు గుర్తించిరి. కోస్తాంధ్రలోని అంగిలి క్యాన్సరునకు ఈ అలవాటే కారణమని డి. జి. రెడ్డి, వి. కె. రావు 1957లో ఒక వైద్యపత్రికలో ప్రకటించిరి.

తరువాత బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన దంతపరిశోధన విభాగమువారు ఫాలి ఎస్. మెహతా నాయకత్వమున పల్లెలకు వచ్చిరి. డెన్మార్కు దేశపు నోటివ్యాధి నిపుణుడు జె. జె. పింద్‌బోర్గ్, గణాంకశాస్త్రజ్ఞుడు పి. సి. గుప్తా వారితో కలిసి పనిచేసిరి. మన దేశములోని 5 జిల్లాలలో 50,915 మంది గ్రామస్థుల నోళ్ళను పరీక్షించి ఫలితములను 1969లో ప్రకటించిరి. వారిలో 10,169 మంది శ్రీకాకుళము జిల్లావారు. ఈ జిల్లా అంగిలి మచ్చలను గూర్చి ప్రత్యేకమైన పత్రము 1971లో వెలువడినది.

జబ్బును లెక్కించుటతో వారు ఆగలేదు. 1970ల చివర రెండవ పని ఆరంభించిరి. కేరళలోని ఎర్నాకుళము, గుజరాతులోని భావనగరము, ఆంధ్రలోని శ్రీకాకుళము జిల్లాలలో పొగాకు అలవాటున్న సుమారు 36,000 మందిని ఎన్నుకొనిరి. ప్రతి సంవత్సరము వారి నోళ్ళను పరీక్షించుచు, అలవాటు మానుమని ఒక్కొక్కరికి వ్యక్తిగతముగాను, ప్రచారసాధనముల ద్వారా అందరికిని నచ్చచెప్పిరి. అయిదేండ్ల ఫలితములు 1986లో 'లాన్సెట్' అను వైద్యపత్రికలో వెలువడినవి.

ఈ ప్రయోగములోని కీలకము పోలికలో ఉన్నది. పోల్చుటకు తీసికొన్నది అదే జిల్లాలలో అంతకుముందు పరిశీలించిన వేరొక బృందము. వారి నోళ్ళను కూడ అదే విధముగా పరీక్షించియుండిరి. కాని వారికి ఇంత గట్టి బోధ జరుగలేదు. పరీక్ష రెండు బృందములకును సమానము. తేడా చెప్పుటలో ఉన్నది. బోధ జరిగిన బృందములో పొగాకు మానినవారును, తగ్గించినవారును హెచ్చుగా ఉండిరి. ల్యూకోప్లేకియా అను తెల్లమచ్చ నోటిలో కొత్తగా ఏర్పడుటయు తగ్గినది. ఈ మచ్చ క్యాన్సరు కాదు. అయితే కొందరిలో కాలక్రమమున క్యాన్సరుగా మారగలదు.

అందరును మానిరా? లేదు. అలవాటును కొనసాగించినవారే అధికసంఖ్యాకులు. అయినను రెండు సంగతులు స్పష్టమైనవి. నోటిలోనికి ఒకరు వచ్చి చూచిపోవుట మాత్రమే చాలదు. చూచినదానిని ఆ మనిషికి అర్థమగునట్లు చెప్పి, మరల మరల వచ్చినప్పుడు కొందరి నడవడియైనను మారును. మారినప్పుడు నోటిపొరయు కోలుకొనును.

విన్నవారందరు పోయిరా?

రెండవ పాఠము కేరళలోని తిరువనంతపురము నుండి వచ్చినది. అక్కడ 1996లో మొదలైన ప్రయోగములో శిక్షణ పొందిన ఆరోగ్యకార్యకర్తలు ఇంటింటికి పోయి కేవలము కంటితో నోళ్ళను పరీక్షించిరి. ఆర్. శంకరనారాయణన్ బృందము 2005లో ప్రకటించిన ఫలితముల ప్రకారము 87,655 మందికి కనీసము ఒకసారి పరీక్ష జరిగినది. 5,145 మంది నోళ్ళలో అనుమానింపదగినది కనిపించినది. వైద్యుని యొద్దకు పొమ్మని వారికి చెప్పిరి. పోయినవారు 3,218 మంది, అనగా నూటికి 63 మంది.

మిగిలిన 37 మంది సంగతి యేమి? వారికి కూడ వారి నోటిని గూర్చియే చెప్పిరి. ఇంతకంటె వ్యక్తిగతమైన సమాచారము మరియొకటి ఉండదు. అయినను వారు కదలలేదు. ఇట్లు కొందరు రాకపోయినను, పొగాకుగాని మద్యముగాని అలవాటున్నవారిలో నోటి క్యాన్సరు మరణములు, పరీక్షలు లేని ప్రాంతముతో పోల్చగా, సుమారు మూడవవంతు తగ్గినవి. నోటిపరీక్ష ప్రాణము నిలుపగలదని దీనివలన ఋజువైనది. రానివారు కోల్పోయినది ఎంతటిదో కూడ దీనివలననే తెలియుచున్నది.

ఈ ప్రయోగము ఇంకొక విషయము కూడ తెలిపినది. అనుమానము కలిగిన 5,145 మందిలో క్యాన్సరు ఉన్నవారు కొద్దిమంది మాత్రమే. మచ్చ కనబడుట అనగా జబ్బు నిర్ధారణ కాదు. చూపించుకొనవలసిన పని మిగిలియున్నదని మాత్రమే అర్థము. ఈ మాటను ముందుగా చెప్పనిచో విన్నవారు మరణశిక్ష విన్నట్లు భయపడి దాగుకొందురు.

అంకెల బలము, బలహీనత

వ్యక్తిగతమైన ముప్పును తెలుపుటను గూర్చి ఇతర దేశములలో జరిగిన పరిశోధనలను 'కాక్రేన్' అను సంస్థవారు 2013లో సమీక్షించిరి. 41 పరిశోధనలు, వాటిలో 28,700 మంది. వీటిలో ఎక్కువభాగము సంపన్నదేశములలో జరిగినవి. మనిషికి తన ముప్పును లెక్కగట్టి చెప్పినందున పరీక్షకు వచ్చువారి సంఖ్య పెరిగినది గాని, ఆ పెరుగుదల స్వల్పము. కాని తెలిసి నిర్ణయించుకొనువారు బాగుగా పెరిగిరి. దీనిని కొలిచిన 3 పరిశోధనలలో, సమాచారమును గ్రహించి తమ ఇష్టానుసారము నిర్ణయము చేసికొన్నవారు నూటికి 20 నుండి 45 వరకు హెచ్చిరి.

జన్యుపరీక్షల సంగతి మరింత ఆలోచింపదగినది. ఒకనికి తన జన్యువులలోని ముప్పును తెలిపినచో పొగ మానునా, ఆహారము మార్చునా, వ్యాయామము చేయునా అను విషయమును 2016లో ఒక బ్రిటిషు బృందము 18 పరిశోధనల ఆధారముగా సమీక్షించినది. నడవడిలో చెప్పుకొనదగిన మార్పు కనిపించలేదు.

అంకె మెదడునకు చేరును. కాళ్ళకు చేరుటకు వేరు తోడ్పాటులు కావలెను. వింజమూరు పల్లెలోని కూలికి నెల్లూరు పోయి రావలెనన్న ఒక దినపు కూలి పోవును. తోడు వచ్చువారికి మరియొక దినపు కూలి పోవును. పుండు నొప్పి పెట్టుటలేదు గనుక నాటువేతల తరువాత చూతమనిపించును. నొప్పి లేకపోవుటయే నోటి క్యాన్సరు తొలిదశలోని మోసము. "వచ్చునది రాకమానదు" అను విశ్వాసమొకటి. "పొగాకు లేదు, ఉత్త వక్కే" అను సమాధానమొకటి. వక్క కూడ క్యాన్సరుకు కారకమని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగము 2004లో ప్రచురించిన గ్రంథములో నిర్ధారించినది.

మార్కులలో లేని ముప్పు

45 ఏండ్ల ఆ స్త్రీకి మరియొక పరీక్ష కూడ కావలసియున్నది. గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరునకు ముఖ్యకారణము హ్యూమన్ పాపిల్లోమా అను వైరసు. పెండ్లియైన ఏ స్త్రీకైనను ఆ వైరసు సోకియుండవచ్చును. కాగితములో దానికి మార్కులు లేవు. ముఖద్వారమునకు పలుచని ఎసిటిక్ ఆమ్లమును అద్ది ఒక నిమిషము ఆగిన, మార్పు చెందిన భాగము తెల్లబడి కంటికి కనిపించును. ఈ పరీక్షను శిక్షణ పొందిన ఆరోగ్యకార్యకర్తలు చేయగా ఆ క్యాన్సరు మరణములు నూటికి 31 తగ్గినట్లు బొంబాయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రివారు 2014లో ప్రకటించిరి. ఇంత సులభమైనదైనను, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 30 నుండి 49 ఏండ్ల భారతస్త్రీలలో ఈ క్యాన్సరు పరీక్ష ఒక్కసారియైనను చేయించుకొన్నవారు నూటికి ఇద్దరైనను లేరు. నోటిపరీక్ష చేయించుకొన్నవారు నూటికి ఒక్కరైనను లేరు.

ఎట్లు చెప్పవలెను?

పై ప్రయోగములనుండి కొన్ని నియమములు తేలుచున్నవి. సంఖ్యను చెప్పినప్పుడు అది దేనికి సంబంధించినదో చెప్పవలెను. "ఎన్ని రెట్లు" అనుటతో ఆగక "ఎంతమందిలో ఎందరు" అని చెప్పవలెను. తక్కువ అంకె వచ్చినవారికి "నీకు భయము లేదు" అని ఎన్నడును చెప్పరాదు. చూచినదానిని అద్దములో వారికే చూపవలెను. మచ్చ వేరు, క్యాన్సరు వేరు అని విడదీసి చెప్పవలెను. ఎచ్చటికి, ఏ దినమున, ఎవరితో పోవలెనో అక్కడికక్కడ నిర్ణయింపవలెను. పోయినదియు లేనిదియు తెలిసికొనుటకు మరల ఒకసారి ఆ గడప త్రొక్కవలెను. ఈ చివరి నియమము అన్నిటికంటె ముఖ్యము. అన్నిటికంటె ఎక్కువగా విస్మరింపబడునదియు అదియే.

ఇందులో ఉన్నతపాఠశాలకు కూడ పాత్ర కలదు. సంభావ్యత పాఠము చెప్పునప్పుడు పాచికలతో, నాణెములతో పాటు ఈ లెక్కలను కూడ చేయించవచ్చును. ఇంటిలో పెద్దలు పొగాకు నమలువారైనచో, పగటి వెలుతురులో అద్దము ముందు నోరు తెరచి చూచుకొనుట విద్యార్థి వారికి చూపవచ్చును: రెండు చెంపల లోపలిభాగము, నాలుక పైన, ప్రక్కల, క్రింద, అంగిలి, చిగుళ్ళు, పెదవుల లోపల. తుడిచినను పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు వారములకు మానని పుండు, నోరు తెరచుటకు బిగువు — వీటిలో ఏది కనిపించినను గ్రామములోని ఆరోగ్యకేంద్రమునకు పోవలెను. అయితే విద్యార్థి పని చూపుటవరకే. జబ్బు ఉన్నదని గాని లేదని గాని నిర్ణయించుట వైద్యుని పని.

"నాలుగంటే మంచిదేనా అమ్మా?" అని అడిగిన స్త్రీకి అంకెలో సమాధానము లేదు. ఆశా కార్యకర్త కాగితము ప్రక్కన పెట్టి, "ముందు వాకిట్లోకి రా అక్కా, వెలుతురులో ఒకసారి నోరు తెరువు, చూస్తాను" అనవలెను. ఆ చూపులో అనుమానింపదగినది కనిపించినచో, వచ్చే వారము మరల అదే వాకిట నిలిచి, "డాక్టరు దగ్గరికి పోయొచ్చినావా అక్కా?" అని అడుగవలెను.